గోరు లోతు బురద

ఒక్ఞా ఫీరున్ నా పళ్లెంలో చేప ముక్క వేస్తుంటే నేను అతని చేతివేళ్లే చూస్తున్నాను. ఇరవై రెండేళ్ల కిందట మా అమ్మ బొటనవేలిని పట్టుకుని, సిరాలో ముంచి, కాగితం మీద నొక్కింది ఆ వేళ్లే. ఇప్పుడు వాటికి రెండు ఉంగరాలు ఎక్కువయ్యాయి, అంతే.

"తినండి టీచరమ్మా, మొహమాటపడకండి," అన్నాడు. "మా బస్సాక్ చేప. ఫ్నోంపెన్‌లో మీకు ఈ రుచి ఎక్కడ దొరుకుతుంది?"

"దొరకదండీ," అన్నాను. అదే నది ఒడ్డున, అతని మామిడితోట గేటుకి కూతవేటు దూరంలో నేను పుట్టానని చెప్పలేదు. అతను పోల్చుకోలేదు. పద్నాలుగేళ్ల పిల్ల ముఖం గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం అతనికి ఎప్పుడొచ్చింది గనక? చేప బాగుంది. ముల్లు కూడా వదలకుండా తిన్నాను. శత్రువు ఇంట్లో తినేటప్పుడు మొహమాటం దేనికి?

ఒక్ఞా అన్నది అతని పేరు కాదు, పెద్ద విరాళం ఇచ్చినవాళ్లకి దక్కే బిరుదు. ఫీరున్ విరాళం నది అడుగు నుంచి వచ్చింది. అతని పడవలు రాత్రీ పగలూ బస్సాక్ ఇసకని పీల్చి అమ్మేవి. అమ్ముడుపోగా మిగిలిన ఇసకతో మా ప్రెక్‌ని పూడ్చేశాడు.

మా వైపు నది గట్టు ఎత్తు, దాని వెనక పొలాలు పల్లం. గట్టుకి గండి కొట్టి పొలాల్లోకి తవ్వుకున్న కాలువనే ప్రెక్ అంటాం. వరదకి ఎర్రనీళ్లు ఆ దారిన లోపలికొస్తాయి, పొలం మీద ఒండ్రు పరిచి నెమ్మదిగా వెనక్కి పోతాయి. నీళ్లు తీశాక మా అమ్మ పొలంలోకి దిగి, పాత నేల గట్టిగా తగిలేదాకా కొత్త మేటలోకి బొటనవేలు గుచ్చేది. గోరు మునిగితే ఆ ఏడు పెసలు. కణుపుదాకా మునిగితే మొక్కజొన్న. వేలంతా దిగిపోతే మిరప. ఊరంతా అలాగే చూసేవాళ్లు. నీళ్లు తీసిన రోజుల్లో దారిలో ఎవరు ఎదురైనా బాగున్నావా అని అడిగేవాళ్లు కాదు, "మీకెంత దిగింది?" అని అడిగేవాళ్లు.

ఒక ఎండాకాలం ప్రెక్ మాయమైంది. నది ఒడ్డు నుంచి మా పొలాల దాకా అతని నేల ఒక్కముక్కయింది. అక్కడ ఏనాడూ నీటిదారి లేదని కాగితం పుట్టించాడు. లేదని ఊరు కూడా ఒప్పుకుంటూ వేలిముద్రలు వెయ్యాలన్నాడు. ఊరి బౌద్ధ విహారం సావడిలో అందరూ కూర్చుని ఉండగా మా అమ్మ ఒక్కతే లేచింది.

"మా తాతలు తవ్విన కాలువయ్యా అది. లేదంటే ఎట్టా?"

"ఉందని ఎవరు చెప్తారే సాక్ష్యం?" అన్నాడు ఫీరున్. "బురదొచ్చి చెప్తుందా?"

అందరూ నవ్వారు. ఆ కాలువ పెట్టిన తిండి తిన్నవాళ్లూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే అమ్మ బొటనవేలిని పట్టుకుని ముద్ర వేయించాడు. నేను స్తంభం పక్కన నిలబడి చూశాను.

ఒండ్రు రాని పొలం ఎంతకాలం పండుతుంది? అమ్మ దాన్ని అయినకాడికి అమ్మి, ఫ్నోంపెన్ సంతలో రొయ్యలు ఒలిచి నన్ను చదివించింది. పోయాక బూడిదని మా ఊరి విహారంలోనే ఉంచాను, స్తూపం లేనివాళ్ల కుండలు పెట్టే అరలో. నేను నేల చదువు చదువుతుంటే దేశానికి మంచి చేద్దామని కాబోలు అని మా మాస్టర్లు మురిసిపోయేవాళ్లు. దేశం గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. బురద చేత సాక్ష్యం చెప్పించాలి, అంతే.

చెప్పించవచ్చు. నేలలోంచి కంటికి కనపడని ఒక వాయువు పైకి లేస్తుంది. గాల్లో అది ఒకరకం సీసంగా మారి, వానతో దిగి, సన్నటి బురదని పట్టుకుని కూర్చుంటుంది. అది నిలవుండే సీసం కాదు. ఇరవై రెండేళ్లకి సగమవుతుంది, మరో ఇరవై రెండేళ్లకి అందులో సగమవుతుంది. అందుకే నది వేసిన కొత్త మేటలో అది ఎక్కువగా, లోతుకి పోయేకొద్దీ తక్కువగా ఉంటుంది. ఆ తరుగుదలని బట్టి వరద ఏటా ఎంత మట్టి పరుస్తోందో, ఏ పొర ఎప్పటిదో తెలుస్తుంది. ముతక ఇసకకి మాత్రం అది సరిగా అంటదు. కాబట్టి పైన సీసం లేని ఇసక, కింద సీసం ఉన్న బురద కనిపిస్తే అది నది చేసిన పని కాదు, మనిషి చేసిన పని.

ఫీరున్ ఇప్పుడు ఆ నేలని సేమియాలు చేసే ఒక విదేశీ కంపెనీకి అమ్ముతున్నాడు. అది వరదతో సహజంగా కట్టుకున్న గట్టి నేలేనా, ఏటా ఎంత మేట పడేది అని వాళ్లు అడిగారు. ఈ కొలత తెలిసినవాళ్లం దేశంలో ఎంతమందిమి? మా యూనివర్సిటీ ప్రయోగశాలకే ఉత్తరం వచ్చింది. ఊరి పేరు చూడగానే నేనే వెళ్తానన్నాను.

నాతో పనిచేసే వుత్థీకి సంగతంతా చెప్పాను. వాడు బుర్ర గోక్కున్నాడు.

"అక్కా, నీకు వాడి మీద పగ. రేపు లెక్కలో చెయ్యి పెట్టావని ఎవడైనా అంటే?"

"పెట్టను. మట్టి ముక్కలకి పేర్లు తీసేసి నీకిస్తా. ఏది ఎక్కడిదో తెలీకుండా నువ్వే లెక్కపెట్టు. అబద్ధం వాడి సరుకు, నాకెందుకు?"

భోజనం అయ్యాక తోటలోకి దిగాం. నేల చాపలా చదునుగా ఉంది. వరసలు తీర్చిన మామిడిచెట్లు తప్ప గుర్తులేవీ లేవు. ఇక్కడే ఉండేది ప్రెక్ అనుకున్న చోట ముక్కాలిపీట నిలబెట్టి, సుత్తితో గొట్టం దింపి, గొలుసుతో పైకి లాగాం. పైనుంచి కిందిదాకా వరద వేసిన పాత గట్టుమట్టి, పొర మీద పొర. ఇంకోచోట చూశాం, అక్కడా అంతే. కొనేవాళ్ల ఇంజనీరు లిమ్ ముక్కు మీదికి కళ్లద్దాలు తోసుకుంటూ అంతా చూస్తోంది. ఫీరున్ చేతులు వెనక్కి కట్టుకుని, "చెప్పానుగా, బంగారంలాంటి నేల," అన్నాడు.

కాయలు కోసేవాళ్లలోంచి ఒకావిడ గంప దించి నా ముఖంలోకి చూసింది. మా అమ్మ చెల్లెలు సావీ పిన్ని.

"ఒసేయ్ మలిస్! నువ్వటే!"

"నోర్ముయ్ పిన్నీ," అన్నాను పళ్లు బిగించి. "నేను టీచరమ్మని. ప్రెక్ ఎక్కడ?"

"ఏమోనే! ఇసక పోసి, చెట్లు నాటాక నాకే దారి తెలీటంలా. ఆ వేపేమో... కాదు, ఈ వేపేమో." మెడలోని కృమా కండువా కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎందుకే ఇయ్యన్నీ? నిన్నూ నవ్వులపాలు చేస్తాడు."

"చెయ్యనీ. ఈసారి నవ్వేది ఎవరో చూద్దాం."

తెచ్చిన గొట్టాల్లో ఒక్కటే మిగిలింది. అది కూడా పాతగట్టులో దిగితే మూటాముల్లె సర్దుకోవడమే. అప్పుడే ఒక్ఞా భార్య నీరత్ కొబ్బరిబోండాలు మోయించుకుని వచ్చింది. మంచి మనిషి, మా పనివాళ్లకి కూడా తన చేత్తోనే అందించింది. నోట్లో నువ్వుగింజ నానదు.

ఆమె వెనక, చెట్ల మధ్య, ఎర్రరంగు వేసిన చిన్న గుడి కనిపించింది. లోపల పడగ విప్పిన నాగు. ముందు అగరొత్తులు, పళ్లెంలో కోడిగుడ్లు.

"మామిడితోటలో నాగుకి గుడేంటండీ?" అన్నాను. "నాగు నీళ్ల దగ్గర కదా ఉంటుంది?"

"అదో కథలే అమ్మా! ఈ తోట వేసిన కొత్తలో మా ఆయనకి ఒకటే కల. పామొచ్చి గొంతు మీద కూర్చుందని అరిచి లేచేవారు. పూజలు చేయించే ఆచార్‌ని పిలిపించాం. మీరు నాగు దారి మూసేశారు, ఆ దారి నట్టనడుమ గుడి కట్టి క్షమించమని అడగండి అన్నాడాయన. అప్పట్నుంచీ గుడ్లు తప్పనివ్వం. కల మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉందనుకో."

వుత్థీ నా వైపు చూశాడు. నాకు ఆమెని కావలించుకోవాలనిపించింది. ఊరందరి ముందూ నీటిదారి లేదన్నవాడు పాము ముందు మాత్రం అబద్ధమాడలేకపోయాడు. మనుషులకి భయపడనివాడికి నాగంటే భయం. దారి నట్టనడుమ మేకు కొట్టినట్టు గుర్తు పెట్టి, దానికి ఇన్నేళ్లూ గుడ్లు కూడా పెడుతున్నాడు.

"గొట్టం ఇక్కడ దింపుదాం," అన్నాను.

"అక్కడొద్దు!" ఫీరున్ అంత దూరం నుంచే అరిచాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. "అక్కడ దేవుడున్నాడు."

"గుడి జోలికి పోమండీ, పక్కనే. దేవుడున్న నేల కదా, కొనేవాళ్లకి ఇంకా నమ్మకం."

"పక్కనేగా, తవ్వనివ్వండి," అంది నీరత్. లిమ్ అతని ముఖం కేసి చూసింది. ఆమె చూస్తుండగా వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. అతను చెయ్యి ఊపి పక్కకి తప్పుకున్నాడు.

సుత్తి దెబ్బకి గొట్టం కరకరమంటూ దిగింది. ఇసక. ఇంకా ఇసక. ప్రెక్ దొరికింది సరే, పూడ్చేముందు అడుగు బురదని గీకేసి ఉంటే? అప్పుడు నా సాక్షి ఎన్నడో చచ్చిపోయినట్టే. గొట్టం నిలువెత్తు దిగేదాకా అదే కరకర. నేను లోలోపల నాగుకి మొక్కుకున్నాను. అమ్మ మీద ఒట్టు, అంతకుముందు నేనెప్పుడూ దేనికీ మొక్కలేదు.

శబ్దం మారింది.

"అక్కా, మెత్తగా దిగుతోంది," అన్నాడు వుత్థీ.

గొలుసుతో పైకి లాగి చూస్తే గొట్టం చివర నల్లటి, సన్నటి బురద. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కుళ్లిన ఆకులు, చేపపొలుసు, నీచువాసన. మా ప్రెక్. చిన్నప్పుడు నా కాళ్లకి, బట్టలకి, జడకి పట్టుకుని వదలని వాసన. ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు కృమా ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

కాలువ ఇంకా బతికే ఉన్న పక్కూరి ప్రెక్ నుంచి ఆ ఏడాది కొత్త బురద కూడా, పోల్చి చూడ్డానికి తీసుకుని వెళ్లిపోయాం. మట్టిని ఎండబెట్టి, పొడిచేసి, డబ్బీల్లో గాలి చొరకుండా మూసి వారాల తరబడి ఆగాలి. అప్పుడుగానీ లెక్కకి పనికిరాదు. ఆ ఆగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫీరున్ మా ప్రయోగశాలకి వచ్చాడు. తెలివితక్కువవాడు కాదు. ఆ నల్లబురదని చూడగానే నా గురించి కూపీ లాగించాడు.

"నీది మా ఊరేనటగా అమ్మాయ్," అన్నాడు కుర్చీ లాక్కుని. టీచరమ్మ అమ్మాయయ్యింది. "ముందే చెప్తే సొంతమనిషిలా చూసుకునేవాణ్ణి. మీ అమ్మ బూడిద అనాథలా అరలో ఉందట. పాపం కదా. విహారం వాకిట్లో మంచి స్తూపం కట్టిస్తా, బంగారు రంగు పూయించి. నువ్వు ఆ చివరి గొట్టం సంగతి మర్చిపో. రెండు గొట్టాలు బాగానే వచ్చాయిగా."

కాదనలేని ఎర అది. ప్చుం బెన్ పండగ రోజుల్లో చనిపోయినవాళ్లు తమవాళ్లు పెట్టే అన్నం కోసం విహారాలు వెతుక్కుంటారు. ప్రతి ఏడూ నేను ఆ అర ముందు, వరసగా ఉన్న కుండల్లో మా అమ్మదేదో తడుముకుంటూ నిలబడేదాన్ని. ఒక్క క్షణం నాకు ఆ స్తూపం కళ్లముందు కనిపించింది కూడా.

"స్తూపం మీద ఏం పేరు చెక్కిస్తారు?" అని అడిగాను.

"మీ అమ్మ పేరే."

"అదే, ఏం పేరు?"

అతను ఆలోచించాడు. నాటకం కాదు, నిజంగానే వెతుక్కున్నాడు. దొరకలేదు. "ఎంతమందిని గుర్తుపెట్టుకుంటాం అమ్మాయ్? ఆ రోజుల్లో చాలామంది వచ్చి ముద్రలేసి పోయారు."

ఆవిడ ఒక్కతే లేచి నిలబడింది. ఆ ఒక్కదాన్నీ అతను మర్చిపోయాడు. నేను ఇరవై రెండేళ్లు ఎవరి ముఖం తలుచుకుని నిద్రలేచానో, అతని తలలో మా అమ్మకి గోరంత చోటు లేదు. తిట్టుంటే బాగుండేది. భయపడినా బాగుండేది.

"వెళ్లండి," అన్నాను. "స్తూపం నేను కట్టుకుంటాను."

వుత్థీ లెక్కలు తెచ్చిన రోజు పేర్ల చీటీలు పక్కన పెట్టుకుని పోల్చాం. గుడి పక్క ఇసకలో సీసం ఉందా లేదా అన్నట్టు ఉంది. దాని కింది బురదలో సీసం నిక్షేపంలా ఉంది. పక్కూరి కొత్త బురదలో ఎంతుందో అందులో సగం. కాస్త అటూ ఇటూగా సగం. ఆ బురద వెలుతురు చూసి ఇరవై రెండేళ్లయిందన్నమాట. సీసం సగమైంది. నా పగ మాత్రం ఇసుమంత తరగలేదు.

అమ్మకానికి ముందు ఊరివాళ్లని పిలిచి చెప్పాలన్నది నియమం. ఫీరున్ చేతిలో ఎలాగూ పాత వేలిముద్రలున్నాయి కనక ధీమాగా అదే సావడిలో సభ పెట్టించి, అందరికీ భోజనాలు వండించాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసిన కమ్యూన్‌కి పెద్ద, లిమ్, ఊరంతా ఉన్నారు. నేను నిలువునా చీల్చిన గొట్టాన్ని చాప మీద పెట్టి చెప్పాల్సింది చెప్పాను. పైన నదిలోంచి పీల్చిన ఇసక, కింద కాలువ బురద, అది పూడి ఎన్నేళ్లయింది.

"మట్టి అన్నాక ఎక్కడైనా మట్టే," అన్నాడు ఫీరున్ నవ్వుతూ. "ఏవో మిషన్ లెక్కలు. ఇక్కడ కాలువ చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పమనండి."

అందరూ తలలు దించుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. గొట్టాన్ని ఎత్తి ముందు వరసలో ఉన్న ముసలాళ్ల ఒళ్లో పెట్టాను. వాళ్లు చూడలేదు, వాసన చూశారు. ఒకరి నుంచి ఒకరికి అది వెనక్కి పోయింది. తలలు వంగుతున్నాయి, లేస్తున్నాయి. చివరికి సావీ పిన్ని దగ్గర ఆగింది. పిన్ని ఆ బురదలోకి బొటనవేలు దించింది.

"ఒరే అన్నా," అని ఎదుటి వరసలోని ముసలాయన్ని కేకేసింది, "మీకెంత దిగింది?"

"కణుపుదాకా!" అన్నాడాయన అలవాటుగా. అని నాలిక్కరుచుకున్నాడు.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత సావడి మొత్తం నవ్వింది. ఆ రోజు నవ్విన నోళ్లే. ఈసారి అందరూ ఫీరున్ వైపు చూసి నవ్వుతున్నారు. "మాకు వేలంతా దిగేదిరో!" అని ఒకరు, "మా అయ్య ఆ కాలవలోనే వల మరిచొచ్చాడు," అని మరొకరు. "కాలవ లేకపోతే పాముకి గుడెందుకు కట్టావు ఒక్ఞా? చెట్టెక్కే పామా అది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. అతని ముఖం మాడిపోయింది.

లిమ్ సంచి మూసేసింది. చట్టప్రకారం నీటిదారిని ఎవరూ అమ్మకూడదు, ఎవరూ కొనకూడదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి కనక కమ్యూన్ పెద్దకి కూడా హఠాత్తుగా ప్రజలు కనిపించారు. "నాకు మొదట్నుంచీ అనుమానమే," అంటూ, ఇక్కడ ప్రెక్ ఉండేదని, పూడ్చినవాడే తవ్వించాలని అక్కడికక్కడే రాయించాడు. ఫీరున్ వేలిముద్ర వెయ్యాలి. ఎవరో సిరాడబ్బీ తెచ్చారు.

"సిరా ఎందుకండీ," అన్నాను.

అతని పక్కన కూర్చుని బొటనవేలు పట్టుకున్నాను. ముడతలు పడ్డ ముసలి వేలు. జాలి వేస్తుందేమో అని చూసుకున్నాను. వెయ్యలేదు. ఆ వేలిని గోరు మునిగేదాకా బురదలో గుచ్చి, తీసి, కాగితం మీద నొక్కాను.

"మా అమ్మ పేరు ఫాన్," అన్నాను వేలు వదలకుండా. "అనండి."

"ఫాన్," అన్నాడు.

"వినపడలేదు."

"ఫాన్!"

పగ తీరితే మనసు బోసిపోతుందని భిక్షువులు చెప్తారు. నాకేమీ బోసిపోలేదు. అతను వండించిన అన్నమే రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఆ ఏడు వరదకి ఎర్రనీళ్లు తవ్విన దారి పట్టుకుని లోపలికొచ్చాయి. నీళ్లు తీశాక వెళ్లాను. ఫీరున్ మామిడిచెట్లు వేళ్లు కుళ్లి నిలువునా ఎండిపోతున్నాయి. వరస మొత్తం తీరిగ్గా చూసుకుంటూ నడిచాను. పిన్ని పొలంలోకి దిగి కొత్త మేటలో వేలు గుచ్చాను.

"ఎంతే?" అంది పిన్ని గట్టు మీది నుంచి.

"గోరు లోతు."

"పెసలే అయితే."

తిరిగొస్తూ నాగు గుడి దగ్గర ఆగాను. కాలువ తవ్వేటప్పుడు దాన్ని జరిపి గట్టు మీద పెట్టారు. సాక్షికి భోజనం పెట్టడం మర్యాద కదా, తెచ్చిన గుడ్లు పళ్లెంలో పెడుతుంటే నీరత్ వచ్చింది. నా మీద కోపమేమైనా ఉందేమో తెలీదు. మాట్లాడకుండా ఉండటం మాత్రం ఆమెవల్ల కాదు.

"పాము కల పోయిందమ్మా," అంది. "దారి తెరిచాక ఒక్కసారి కూడా రాలేదు."

ఇంత చేసి చివరికి అతనికి నిద్ర పట్టించానా?

"కానీ ఇప్పుడు ఇంకోటి పట్టుకుంది," అంది ఆమె గొంతు తగ్గించి. "నిద్దట్లో ఎవరిదో పేరు పలవరిస్తున్నారు. లేపితే తెలీదంటారు. ఫాన్ ఎవరమ్మా?"

"మా అమ్మండీ," అన్నాను. "రోజూ పిలవమనండి."